మునిగిన ఓడల దగ్గర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమెరికా ఉద్యోగాల గురించి ఇప్పటికే నలుగురు మాట్లాడుతున్నారు, మీరు వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఉద్యోగం గురించి ఒక్క మాటతో సరిపెడతాను. మిషిగన్ రాష్ట్రంలో కార్ల విడిభాగాలు తయారుచేసే చోట ఇంజనీరుని. ఇక నా సెలవుల సంగతి. పదేళ్లుగా ప్రతి వేసవిలో నేను చేస్తున్న పని, మునిగిపోయిన ఓడల్ని నీళ్లలోకి దిగి చూసి రావడం. మా ఆవిడ దీన్ని పని అని ఒప్పుకోదు. అది వేరే సంగతి.

"సముద్రంలోనా?" అని అందరూ అడుగుతారు. కాదండీ, మంచినీళ్లలో. అమెరికా, కెనడాల మధ్య ఐదు మహా సరస్సులున్నాయి. సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఒంటారియో. ప్రపంచంలో నదుల్లో, చెరువుల్లో ఉన్న మంచినీటిలో సుమారు ఐదో వంతు ఈ ఐదింటిలోనే ఉంది. సరస్సు అంటే మనకి కొల్లేరు గుర్తొస్తుంది. వీటి ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనపడదు. దోసిలితో తాగి చూస్తేనే సముద్రం కాదని నమ్మకం కలుగుతుంది.

రైళ్లూ లారీలూ రాకముందు అక్కడి గోధుమలు, కలప, ఇనుప ఖనిజం, బొగ్గు అన్నీ ఈ నీళ్ల మీదే నడిచాయి. మన కాలువల మీద ధాన్యం పడవలు నడిచినట్టే. కాకపోతే అక్కడ నవంబరు నెల వస్తే గాలివానలు. 1913 నవంబరులో వచ్చిన ఒక్క తుఫానులోనే 12 ఓడలు మునిగి, 250 మందికి పైగా పోయారు. మొత్తం మీద ఈ సరస్సుల్లో మునిగిన ఓడలు 6,000 దాకా ఉంటాయని సుపీరియర్ ఒడ్డున వైట్‌ఫిష్ పాయింట్‌లో ఉన్న ఓడల మ్యూజియం వారి అంచనా.

విశేషమేమిటంటే, ఆ ఓడలు ఇంకా ఉన్నాయి. ఉప్పునీళ్లలో కర్రను తొలిచి తినే ఆల్చిప్ప జాతి పురుగు ఒకటుంటుంది. సముద్రంలో మునిగిన కర్ర ఓడను అది కొన్నేళ్లలో జల్లెడ చేసేస్తుంది. మంచినీళ్లలో ఆ పురుగు బతకదు. పైగా అడుగున నీరు ఏడాది పొడుగునా మంచులా చల్లగా ఉంటుంది కాబట్టి కుళ్లడం కూడా చాలా నెమ్మది. నూటయాభై ఏళ్ల కిందట మునిగిన తెరచాప ఓడ, చుక్కానితో సహా నిన్న మునిగినట్టు కనిపిస్తుంది.

నేను ఎక్కువగా వెళ్లేది హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆల్పీనా అనే చిన్న ఊరికి. అక్కడి థండర్ బే ప్రాంతాన్ని 2000లో ప్రభుత్వం రక్షిత జలప్రాంతంగా ప్రకటించింది. 2014లో దాన్ని 4,300 చదరపు మైళ్లకు పెంచారు. అందులో ఇప్పటిదాకా గుర్తించిన ఓడలు వంద వరకు ఉన్నాయి. లంగరు వేస్తే కింద ఓడ విరుగుతుందని, ముఖ్యమైన ఓడల దగ్గర తేలే బోయాలు కట్టి ఉంచుతారు. మన పడవని ఆ బోయాకి కట్టుకుని, దాని తాడు వెంట దిగాలి. ఓడ నుంచి ఒక్క మేకు తెచ్చుకున్నా నేరమే.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. ఈ సభలో ఉన్న సైన్సు మాస్టారికి నేను ఒక బాకీ ఉన్నాను. తొమ్మిదో తరగతిలో "నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది?" అని అడిగితే "సున్నా" అని చెప్పి బెంచీ ఎక్కాను. మాస్టారూ, నాలుగు డిగ్రీలు. ఇప్పుడు మర్చిపోవడం నా వల్ల కాదు. నడివేసవిలో పైన నీరు ఇరవై డిగ్రీలుంటుంది. అరవై, డెబ్బై అడుగులు దిగేసరికి గుమ్మం దాటి కోల్డ్ స్టోరేజీలోకి అడుగు పెట్టినట్టు ఒక్కసారిగా చలి కొడుతుంది. దాని కింద నాలుగైదు డిగ్రీల నీరు. అందుకే లోపలికి నీరు రాని డ్రై సూట్ వేసుకుంటాం.

ఆర్కిమెడిస్ సూత్రం కూడా అక్కడ రోజూ పనికొస్తుంది. మంచినీరు ఉప్పునీటికన్నా సుమారు రెండున్నర శాతం తేలిక. మనిషీ సామానూ కలిపి వంద కిలోలుంటే, సముద్రంలో కంటే ఇక్కడ నడుముకి రెండున్నర కిలోల సీసం తక్కువ కట్టుకోవాలి. బాయిల్ సూత్రం సంగతి చెప్పనక్కర్లేదు. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలు, ముప్ఫై మీటర్ల దగ్గర నాలుగింతలు. పైన ఒక గంట వచ్చే సిలిండరు అక్కడ పావుగంటలో అయిపోతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు పగులుతాయి. అందుకే ఈ విద్యలో మొదటి పాఠం ఒక్కటే: ఊపిరి ఆపకు.

ఇవన్నీ తెలిసీ నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. థండర్ బేలో ఈ.బి. ఆలెన్ అనే రెండు కొయ్యల తెరచాప ఓడ ఉంది. 1871 నవంబరులో ధాన్యంతో వెళుతూ పొగమంచులో న్యూస్‌బాయ్ అనే ఇంకో ఓడ ఢీకొని మునిగింది. వంద అడుగుల లోతున నిటారుగా కూర్చుని ఉంది. కొయ్యలు పడిపోయాయి గాని పొట్ట అలాగే ఉంది. న్యూస్‌బాయ్ గుద్దిన చోట పడిన కంత ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని చూడాలని నాకు ఆత్రం. తొందరగా దిగుతూ, ఒకే సమయంలో సూట్‌లోకీ జాకెట్‌లోకీ గాలి నింపుతూ, గట్టిగా ఊపిరి పీలుస్తున్నాను. సిలిండరులోని గాలి వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుంది. చుట్టూ నాలుగు డిగ్రీల నీరు. వాల్వు మంచు కట్టి తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. గాలంతా బుడగలై మొహం మీద నుంచి పైకి పోతోంది. ఓడ కనపడదు, గేజి కనపడదు.

డైవింగ్‌లో ఒంటరిగా దిగకూడదు, జోడీ ఉండాలి. నా జోడీ అరవై దాటిన ఒక రిటైర్డ్ నర్సు. ఆవిడ వచ్చి నా పట్టీ పట్టుకుని, తన దగ్గరున్న రెండో మౌత్‌పీసు నా నోటికి అందించి, నా కళ్లలోకి చూస్తూ చేత్తో "నెమ్మది, నెమ్మది" అని సైగ చేసింది. నా ప్రాణం పైకి పరుగెత్తమంటోంది. ఆవిడ నిమిషానికి ముప్ఫై అడుగుల కంటే వేగంగా పోనివ్వలేదు. పదిహేను అడుగుల దగ్గర తాడు పట్టుకుని మూడు నిమిషాలు ఆగాం. నా జీవితంలో అంత పొడుగైన మూడు నిమిషాలు లేవు.

పడవ ఎక్కాక ఆవిడ ఒక్కటే అంది: "నువ్వు నాకు సైగ చెయ్యలేదు." నిజమే, చెయ్యలేదు. చెయ్యి నా మాట వినలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఈ ఓడలు చూడ్డానికి బాగుంటాయి గాని, చాలావాటిలో మనుషులు పోయారు. 1975 నవంబరు 10న సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే 729 అడుగుల ఇనుప ఖనిజం ఓడ 29 మందితో మునిగింది. ఒక్కరూ మిగల్లేదు. 1995లో కుటుంబాలవారి కోరిక మీద దాని గంటను పైకి తెచ్చి, ఆ స్థానంలో 29 మంది పేర్లు చెక్కిన మరో గంట పెట్టి వచ్చారు. అనుమతి లేకుండా ఇప్పుడు అక్కడికి ఎవరూ దిగకూడదు. అది సమాధి అని వారి భావన.

మనకీ ఆ బాధ తెలుసు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యంగారి బృందం లంగర్లతో, ఇనుప తాళ్లతో వరద గోదావరిలో వెతికి వెతికి అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకి తెచ్చింది. ఆ రోజుల్లో నేను మిషిగన్‌లో రాత్రిళ్లు నిద్రపోకుండా తెలుగు వార్తలు చూశాను. నేను సరదాకి చేసే పనిని ఆయన అలాంటి సమయంలో, అలాంటి నీళ్లలో చేశారు. ఆయనకి ఈ వేదిక నుంచి నమస్కారం చెప్పాలనిపించింది.

థండర్ బేలోనే 2019లో ఇంకో ఓడ దొరికింది. పేరు ఐరన్‌టన్. టైటానిక్‌ని కనిపెట్టిన రాబర్ట్ బల్లార్డ్ సంస్థ సాయంతో వెతికారు. నాలుగేళ్ల తర్వాత ఆ సంగతి బయటపెట్టారు. 1894 సెప్టెంబరులో ఒహాయో అనే ఓడను ఢీకొని మునిగిందది. లోపలున్న ఏడుగురూ లైఫ్‌బోటు ఎక్కారు. కానీ దాన్ని ఓడకి కట్టిన తాడు విప్పడానికి వీలు కాలేదు. ఓడ దిగుతూ బోటును కూడా లాక్కుపోయింది. ఐదుగురు పోయారు, ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరూ చెప్పిన మాటకి నూటపాతికేళ్ల తర్వాత సాక్ష్యం దొరికింది. సరస్సు అడుగున ఆ లైఫ్‌బోటు ఇంకా ఓడకి కట్టే ఉంది. నేను వెళ్లగలిగే లోతు కాదు, ఫొటోలే చూశాను. ఆ తాడును చూసిన రోజు నాకు మన లాకులు గుర్తొచ్చాయి.

మా బ్యాచ్ వాళ్లకి అర్థమై ఉంటుంది. 1984 వేసవిలో, పదో తరగతిలోకి రాబోతుండగా, మా బెంచీలో మూడోవాడు లాకుల దగ్గర కాలువలో పోయాడు. వాళ్లమ్మగారు ఈ ఊళ్లోనే ఉన్నారు, అందుకని పేరు చెప్పను. ఆ రోజు గట్టు మీద నేనున్నాను. నాకు ఈత రాదు. వాడు నీళ్లలో తల పైకెత్తి, చేతులు పక్కలకి చాపి నీళ్లని కిందికి నొక్కుతున్నాడు. అరవలేదు, చెయ్యి ఊపలేదు. ఆడుతున్నాడనుకుని నవ్వాను కూడా. తర్వాత అందరూ "అరిచాడా?" అని అడిగారు. "లేదు" అన్నాను. నవ్విన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు మీకే చెబుతున్నాను.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు మోకాలి లోతు దాటి నీళ్లలోకి వెళ్లలేదు. మా అమ్మాయి ఈత నేర్చుకుంటుంటే, గట్టున కూర్చోలేక నలభై మూడో ఏట నేనూ దిగాను. ఆలెన్ దగ్గర జరిగిన దాని తర్వాత, రక్షణ శిక్షణ తీసుకున్నాను. మొదటి రోజు పాఠం ఇది: మునిగిపోయే మనిషి అరవలేడు. నోరు నీటి మట్టం పైకి వచ్చిన క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సమయం చాలదు. చేతులు వాటంతట అవే నీటిని నొక్కుతాయి, ఊపమంటే ఊపవు. చూసేవాళ్లకి ఆటలాగే ఉంటుంది. ఇదంతా నిమిషంలోపే. క్లాసులో ఆ వీడియో చూస్తూ బయటికి వెళ్లిపోయాను. వాడు మమ్మల్ని పిలవలేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. పిలవగలిగితే పిలిచేవాడు.

గురువులారా, మిత్రులారా, స్వర్ణోత్సవ నిధితో ఏం కట్టాలని చర్చ జరుగుతోంది. ఆర్చి కడదామన్నవారిని కాదనను. నా మనవి ఒక్కటే. మన బడి చుట్టూ మూడు వైపులా నీళ్లే. ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఈత నేర్పిద్దాం. నేర్పేవారి జీతం, ఒడ్డున కాపలా ఉండే మనిషి జీతం మొదటి ఐదేళ్లు నేను భరిస్తాను. ఈత రానివాడు నీళ్లలోకి దూకకుండా ఒడ్డు నుంచే తాడో, పంచో, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బానో విసరడం కూడా నేర్పాలి. ఆ రోజు గట్టు మీద మా దగ్గర డబ్బా ఉంది, చేపల కోసం తెచ్చుకున్నది. విసరాలని తెలియలేదు.

లాకుల దగ్గర ఒక స్తంభం పాతి, దానికి తాడూ ట్యూబూ తగిలిస్తే మూడు వేలు కూడా కాదు. ఆ పని రేపు పొద్దున్నే చేసి వెళతాను. మా బ్యాచ్ వాళ్లు ఆరు గంటలకి లాకుల దగ్గరికి రండి. పలుగు నేను తెస్తాను.

సెలవు.