ఆక్రమణ ఎవరిది? వివాదం ఎవరిది?

(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పట్టాల గొడవే తేలలేదు, యెక్కడో సముద్రాల అవతలున్న పాలస్తీనా సంగతి మనకెందుకని మీలో కొందరికి అనిపించొచ్చు. సరే, మన దగ్గరే మొదలుపెడదాం.

మనవాళ్ళు బంజరులో నాలుగు గుడిసెలు వేసుకుంటే మర్నాడు పేపర్లో యేమని వస్తుంది? "ప్రభుత్వ భూమి ఆక్రమణ" అని వస్తుంది. మనం ఆక్రమణదారులం. అదే మనకిచ్చిన డి-ఫారం పట్టా భూమిని ఆసామి దున్నుకుంటుంటే యేమని వస్తుంది? "వివాదంలో వున్న భూమి" అని వస్తుంది. అసైన్డు భూముల కొనుగోళ్ళు చెల్లవని 1977లోనే చట్టం చేశారు. ఆ చట్టాన్ని సడలించక ముందు కూడా పేపరోళ్ళకి అది వివాదమే. వివాదం అన్నామంటే ఇద్దరికీ చెరిసగం హక్కు వున్నట్టు చెవికి వినిపిస్తుంది. లాక్కున్నవాడు, పోగొట్టుకున్నవాడు ఒకే బల్లమీద కూర్చుంటారు. ఆ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి: ఆక్రమణ, వివాదం. పాలస్తీనా కథంతా ఈ రెంటి మధ్యనే వుంది.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాని రెండు ముక్కలు చేయాలని తీర్మానించింది. అనుకూలంగా 33 దేశాలు, వ్యతిరేకంగా 13. వ్యతిరేకించిన వాటిలో మన దేశమూ వుంది. 1948 యుద్ధంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు యిళ్ళూ పొలాలూ పోగొట్టుకున్నారు. 1950లో ఇజ్రాయెల్ ఒక చట్టం చేసి, అట్లా వెళ్ళగొట్టబడ్డవాళ్ళని "హాజరులో లేని ఆస్తిదారులు" అంది. తరిమినవాడే హాజరుపట్టీ రాశాడు! 1967 జూన్‌లో ఆరురోజుల యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలెం కూడా ఇజ్రాయెల్ సైన్యం చేతికి పోయాయి.

ఆ యేడాది నవంబరులో భద్రతామండలి 242వ తీర్మానం చేసింది. ఆక్రమించిన భూముల నుంచి సైన్యం వెనక్కి పోవాలని అందులో వుంది. ఇంగ్లీషు పాఠంలో ఒక చిన్న మాట లేదు. ఆ మాట లేదు కాబట్టి "భూములు" అంటే అన్ని భూములూ అని కాదు, కొన్నే అని ఇజ్రాయెల్ వాదించింది. ఫ్రెంచి పాఠం చూస్తే "ఆ భూములు" అనే అర్థం వస్తుంది. మూడక్షరాల మాటకోసం యిన్నేళ్ళ పేచీ! దస్తావేజులో ఒక్క అక్షరంతో యెకరాలు పోగొట్టుకున్న మన తాతల్ని అడిగితే దీని అర్థం చెప్తారు.

1967కి ముందు వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ చేతిలో వుంది. జోర్డాన్ హక్కుని చాలా దేశాలు ఒప్పుకోలేదు. కాబట్టి అది యెవరిదీ కాదు, ఆక్రమణ కాదు, "వివాదాస్పదం" అంటుంది ఇజ్రాయెల్ ప్రభుత్వం. 2004 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం అది ఆక్రమిత ప్రాంతమేనని చెప్పింది. అదే యేడాది ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కూడా అడ్డుగోడ కేసులో సైనిక ఆక్రమణ సూత్రాలనే వర్తింపజేసింది. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఇంకో మెట్టు ముందుకెళ్ళి, ఇజ్రాయెల్ అక్కడ కొనసాగడమే చట్టవిరుద్ధమంది. ఆక్రమించినవాడు తన జనాన్ని అక్కడ కాపురం పెట్టించకూడదని 1949 జెనీవా ఒప్పందంలో వుంది. అయినా సుమారు 7 లక్షల మందిని దింపారు. కోర్టులు తేల్చినా వివాదం అనే మాట చావలేదు.

యిక పత్రికలు, టీవీలు చూద్దాం. గాజాకి గానీ వెస్ట్ బ్యాంక్‌కి గానీ "పాలస్తీనా" పేరు తగిలించొద్దని బీబీసీ తన విలేఖరులకి సూచనలిచ్చింది. 2020లో కెనడా ప్రభుత్వ రేడియోలో ఒక కార్యక్రమ నిర్వాహకుడు "పాలస్తీనా" అన్నందుకు మర్నాడు క్షమాపణ చెప్పారు. ఒక ప్రజ పేరు పలికినందుకు క్షమాపణ! "ఆక్రమిత ప్రాంతం" అనే మాట వాడొద్దని, "పాలస్తీనా" అనే మాట చాలా అరుదుగా తప్ప రాయొద్దని న్యూయార్క్ టైమ్స్ తన వాళ్ళకిచ్చిన సూచనలు 2024 ఏప్రిల్‌లో బయటపడ్డాయి.

వాళ్ళ వాదన కూడా విందాం. పాలస్తీనాకి తన సరిహద్దులమీద పెత్తనం లేదు, అందుకని రాజ్యమని రాయలేమంటారు. పెత్తనం లేనిమాట నిజమే. మరి యెవరు లేకుండా చేశారో అదే వాక్యంలో రాయాలి గదా? అది రాయకుండా రాజ్యం లేదని మాత్రం రాస్తే, భూమి లాక్కుని "వీడికి భూమి లేదు" అని సర్టిఫికెట్ యిచ్చినట్టే. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని ప్రకటించుకుంటే మన దేశం అదే నెలలో గుర్తించింది. 2025 సెప్టెంబరులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ గుర్తించాయి. యిప్పుడు గుర్తించిన దేశాలు 150 దాటాయి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. వాళ్ళలో యెక్కువమంది మామూలు జనం. దాన్ని హత్య అనే అనాలి. మనం దాచం. అయితే అక్కడ "చంపారు" అని రాసిన కలమే గాజాలో వేలాది పిల్లల గురించి "చనిపోయారు" అని రాస్తే వూరుకోం. బాంబు దానంతటదే పడదు. కారంచేడు, చుండూరు చూసినవాళ్ళం మనం. దాడిని "ఘర్షణ" అంటే యెవరికి లాభమో మనకి ఒకరు నేర్పక్కర్లేదు.

మన తెలుగు పేపర్లకి ఈ వార్తలు యెక్కువగా విదేశీ వార్తాసంస్థల నుంచి వస్తాయి. బల్ల దగ్గర కూర్చున్నాయన తెలుగు చేస్తాడు. వార్తతోపాటు వాళ్ళ మాట, మాటతోపాటు వాళ్ళ చూపూ దిగుమతవుతాయి. తెల్లారి మన వాడలో టీకొట్టు దగ్గర అదే చదువుతాం.

బాబాసాహెబ్ 1920లో "మూక్‌నాయక్" పత్రిక యెందుకు పెట్టారు? మనగురించి మనం పెట్టుకున్న మాటే అచ్చు కావాలని. ఆ పత్రిక ప్రకటనని డబ్బిస్తామన్నా "కేసరి" వేయలేదు. మాట యెవరి చేతిలో వుందో ఆయనకి తెలుసు.

కాబట్టి యిక్కడినుంచి వెళ్ళాక ప్రతి వాడలో పేపరు బిగ్గరగా చదివించండి. చదివాక నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ వాక్యంలో పని చేసినవాడి పేరుందా? భూమి యెవరి దగ్గర్నుంచి పోయింది? చట్టం యేం చెప్పింది? ఇదే పని మనం చేస్తే యే మాట వాడేవాళ్ళు? పాలస్తీనా వార్తకీ అవే ప్రశ్నలు, మన వూరి చెరువుకింద భూమి వార్తకీ అవే ప్రశ్నలు. జవాబు దొరక్కపోతే సంపాదకుడికి కార్డు ముక్క రాయండి. పదిమంది సంతకాలు పెట్టండి, వేలిముద్రలైనా సరే.

భూమిని లాక్కునేవాడు ముందు దాని పేరు లాక్కుంటాడు. మనం పేరుతోనే మొదలుపెడదాం. జై భీం.