ఆ గదికి ఒక కర్టెన్

వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ వరసగా చదవమని నా చేతికో కాగితం ఇచ్చారు. అది చదవడం పూర్తయ్యేసరికి వెనక కూర్చున్న తల్లిదండ్రులకు ఆఖరి బస్సు తప్పిపోతుంది. పెద్దలు మన్నించాలి. ఈ రోజు డాక్టర్లు, నర్సులు అయిన పిల్లలందరికీ అభినందనలు. ఇన్నేళ్లూ ఫీజులు కట్టిన అమ్మానాన్నలకు అంతకంటే పెద్ద అభినందనలు.

ఇలాంటి సభల్లో వైద్యరంగం భవిష్యత్తు గురించి మాట్లాడటం రివాజు. రోబోల సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రసూతి వార్డుల్లో జీవితం గడిపినదాన్ని కాబట్టి నేను పాత సంగతే చెబుతాను. మన ఆడవాళ్లు పిల్లలు చాలనుకున్నాక ఏం చేస్తారు, ఎందుకలా చేస్తారు అన్నది.

నా మొదటి పోస్టింగు ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక పీహెచ్‌సీలో. ఇరవై రెండేళ్ల పిల్ల, చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకో బిడ్డ. ఆపరేషన్ చేయించుకుంటానని వచ్చింది. నేను పుస్తకం ప్రకారం కాపర్ టీ, మాత్రలు, నిరోధ్ అన్నీ వివరించాను. ఓపిగ్గా విని, చివర్లో తన లెక్క చెప్పింది. "కాపర్ టీ ఏపిచ్చుకుంటే కొన్నాళ్లు నొప్పి, బట్ట ఎక్కువ అంటిరి. గుంటూరు మిరపకోతలకు పోయినచోట నాకు నొప్పొస్తే ఎవురు చూత్తారు మేడమ్? మాత్రలు రోజూ మింగాలంటే మా అత్త కంట పడాల. ఆయన దగ్గర నిరోధ్ మాట ఎత్తలేను. ఇదైతే ఒక్కసారి. పుట్టింట్లో పడుకుని లేస్తా. మళ్లీ ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు."

కూలి, వలస, అత్త, మొగుడు, నొప్పొస్తే దిక్కు. ఆ తరవాత నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాల్లో కూడా ఇంతకంటే కొత్త కారణాలు ఒకటో రెండో కనిపించాయి, అంతే. 'చదువులేని ఆడవాళ్లు, వాళ్లకేం తెలుసు' అనే డాక్టరు ఎదురైనప్పుడల్లా నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆమెకు అన్నీ తెలుసు. తన చేతిలో ఏముందో, ఏం లేదో ఇంకా బాగా తెలుసు.

ఇప్పుడు అంకెలు చూడండి, రెండు నిమిషాలే. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ అయింది. తెలంగాణలో 62 శాతం. దేశం మొత్తం మీద 38. మరి మాత్రలు, కాపర్ టీ, నిరోధ్, ఇంజెక్షన్? ఆంధ్రలో ఇవన్నీ కలిపినా వాడేవాళ్లు నూటికి ఇద్దరికి మించరు. వేసెక్టమీ అయిన మగవాళ్లున్న ఇళ్లు నూటికి ఒకటి కూడా లేవు. ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7. ఢిల్లీలో మీటింగుకు వెళితే మన రాష్ట్రాలకు చప్పట్లు కొడతారు. నేనూ వెళ్లాను, నాకూ కొట్టారు, టీ కూడా బాగుంది.

ఆ చప్పట్లలో వినపడనిది ఒకటుంది. అదే సర్వేలో ఆంధ్రలో 20–24 ఏళ్ల ఆడపిల్లల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పెళ్లి, ఏడాది తిరక్కుండా కాన్పు, వెంటనే ఇంకొకటి, ఇరవై అయిదు నిండకుండానే ఆపరేషన్. బిడ్డకూ బిడ్డకూ ఎడం అనేదే ఉండదు, ఎందుకంటే ఎడం కోసం వాడే పద్ధతి ఏదీ ఆ ఇంటి గడప తొక్కలేదు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే మూడో కాన్పుదాకా ఆగుతారు, మగపిల్లాడు పుట్టిన రోజే ఆపరేషన్‌కు పేరు రాయిస్తారు. పిల్లల్ని కాన్వెంటులో చదివించాలంటే ఇద్దరే చాలు అన్న లెక్క కూడా ఉంది, అది మంచి లెక్కే. కానీ ముప్పై దాటకుండా మళ్లీ వస్తుంది ఆ అమ్మాయి, తెల్లబట్ట, నడుం నొప్పి అని. 'పిల్లలయిపోయారుగా, ఇంకెందుకది' అని గర్భసంచి తీసేసే ఆసుపత్రులకు మన దగ్గర కొదవ లేదు. గర్భసంచి తీసేసిన ఆడవాళ్లు అత్యధికంగా ఉన్న రాష్ట్రాల వరసలో మన రెండూ పైనే ఉన్నాయి.

ఈ భారమంతా ఆడవాళ్ల మీదికే ఎలా వచ్చిందో కొంచెం చరిత్ర. 1952లోనే ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన దేశం మనది. మొదట్లో వేసెక్టమీలే ఎక్కువ. ఎమర్జెన్సీలో, 1976లో, మగవాళ్లను పట్టుకొచ్చి కోశారు. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. ఆ దెబ్బకు ఏ నాయకుడూ మళ్లీ మగవాడి జోలికి పోలేదు. శాఖ పేరు కుటుంబ సంక్షేమం అయింది, కత్తి ఆడవాళ్ల వైపు తిరిగింది. ఆడవాళ్లు ప్రభుత్వాల్ని పడగొట్టలేదు కదా.

దానికి తోడు ఆపరేషన్ల టార్గెట్లు. మార్చి నెల వస్తే నర్సమ్మలకు నిద్ర ఉండేది కాదు. కేసులు తక్కువైతే జీతం ఆపేస్తామనే అధికారుల్ని నేను చూశాను. 1996లో టార్గెట్లు రద్దయ్యాయి, కాగితం మీద. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో, కొన్ని గంటల్లో, 83 మందికి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. క్యాంపులు మూడేళ్లలో ఆపేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో మన తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు, నలుగురు తల్లులు పోయారు. ఈ వరస మీ పరీక్షలో రాదు. అయినా గుర్తుపెట్టుకోండి.

ఇక నా పిచ్చి సంగతి. మా జూనియర్లు దీన్ని 'మేడమ్ కర్టెన్ గోల' అంటారు. మన ఓపీ గదుల్లో కర్టెన్ ఉండదు. టేబుల్ అవతల పేషెంటు, ఆమె వెనక ఆడబిడ్డ, ఆ వెనక క్యూలో పాతికమంది, తలుపు దగ్గర వార్డుబాయ్. ఆ జనంలో మనం గట్టిగా, "ఏమ్మా, ఏం వాడుతున్నావ్?" అని అడుగుతాం. ఆమె తల దించుకుంటుంది. మనం 'ఏమీ వాడటం లేదు' అని రాసుకుంటాం. మందులు తీసుకుని గుమ్మం దాటబోతూ ఆగి, "మేడమ్, ఒకమాట" అంటుందే, అప్పుడు మొదలవుతుంది అసలు కేసు. అప్పటికి మనం తరవాతి చీటీ పిలిచేసి ఉంటాం.

నవ్వకండి. మూడో వరసలో ఫోను చూసుకుంటున్న డాక్టరమ్మా, నిన్నే. పదిహేను వేల పేజీలు బట్టీపట్టావు, ఒక గుడ్డ కట్టించడానికి సూపరింటెండెంటును అడగాలంటే మొహమాటమా? నా దగ్గర పనిచేసిన ఒకమ్మాయి మండలంలో చేరి, నిధులు లేవన్నారని, జనాభా దినోత్సవం ఫ్లెక్సీనే తిరగేసి కట్టింది. నాయకుల బొమ్మలు గోడవైపు, తెల్లటి వైపు పేషెంటు వైపు. నా నలభై ఏళ్ల సర్వీసులో ఫ్లెక్సీ వల్ల ఒనగూడిన ప్రయోజనం నేను చూసింది అదొక్కటే.

కర్టెన్ వెనక మీరు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, అత్త కంటికి కనపడదు. కానీ నెలసరి తప్పొచ్చు, చుక్కచుక్కగా కనిపించొచ్చు అని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆమె భయపడి రెండో ఇంజెక్షన్‌కు రాదు, పక్కింటామెను కూడా రానివ్వదు. ఛాయ మాత్ర మన లక్నో శాస్త్రవేత్తలు కనిపెట్టింది, హార్మోన్ లేనిది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికి ఒకటి. ఇంకో సంగతి, ట్యూబెక్టమీకి భర్త సంతకం అక్కర్లేదని నిబంధనల్లోనే ఉంది. మన కౌంటర్లలో మాత్రం ఆయనగారు వచ్చేదాకా కూర్చోబెడతారు. అన్నీ విన్నాక కూడా ఆమె ఆపరేషనే కావాలంటే చేయండి, బాగా చేయండి. మీ ఇష్టం ఆమె మీద రుద్దొద్దు, అది ఎంత ఆధునికమైన ఇష్టమైనా సరే.

రుద్దడం అంటే గుర్తొచ్చింది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేశాం. 2024లో ఆంధ్రలో దాన్ని ఎత్తేశాం, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నాం. వద్దన్నా కనమన్నా చెప్పేది ఆమెకే, అడిగినవాళ్లు మాత్రం లేరు.

చివరగా అబ్బాయిలకు. గౌన్లలో చాలా అందంగా ఉన్నారు. కోత లేని వేసెక్టమీ పావుగంట పని, కుట్టు ఉండదు. మూడు నెలలపాటు వేరే జాగ్రత్త తీసుకుని, వీర్యపరీక్ష చేయించుకుంటే సరి. బలం పోతుంది, బరువులెత్తలేరు అనేది ఊళ్లో వాళ్ల భయం అనుకుంటారేమో. కాదు. గుండెజబ్బున్న కోడలికి ఆపరేషన్ ప్రమాదం, కొడుక్కి చేయించండి అని చెబితే, "మా వాడు సంపాదించేవాడమ్మా, వాడికెందుకు" అన్న అత్తగారు ఒక రిటైర్డ్ లెక్చరర్. మాటా పలుకూ లేకుండా పక్కన నిలబడిన కొడుకు మన వృత్తివాడే.

ఈ వేసెక్టమీ నేర్చుకోవడానికి వచ్చే డాక్టర్లు చాలా తక్కువ. నేర్చుకుంటామనేవాళ్లు మీలో ఉంటే నా నంబరు మీ ప్రిన్సిపల్ గారి దగ్గర ఉంది, ఎవరి దగ్గరకు పంపాలో నాకు తెలుసు. రిటైరయ్యాను కానీ ఫోను ఎత్తుతాను. పొద్దున ఆరు దాటాక చేయండి.