హిమగిరి పుష్పములు – సమర్పణ ధర్మము



అనంతపద్మనాభుడు వెలసిన అనంతగిరికి దాపుననున్న ఈ కోట్‌పల్లిలో నేడు హిమవత్పర్వత పుష్పములను గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను.

మన పెరళ్ళలో రాత్రి విచ్చి, తెల్లవారుసరికి వాడిపోవు తెల్లని పువ్వును బ్రహ్మకమలమని పిలిచి హారతి ఇచ్చుచున్నాము. భక్తి దోషము కాదు. కాని ఆ మొక్క మెక్సికో ప్రాంతమునుండి వచ్చిన జెముడు జాతిది. అసలు బ్రహ్మకమలము కేదార, బదరీ క్షేత్రములకు ఎగువన, సుమారు 3,700 మీటర్లకు పైన, రాళ్ళ నడుమ వర్షకాలమున పూయును. ఉత్తరాఖండ రాష్ట్ర పుష్పమదియే. రేకులవలె కనిపించునవి నిజమునకు పల్చని ఆకులు. వాటి చాటున ఊదారంగు చిన్ని పువ్వుల గుత్తి చలికి జంకక నిలుచును.

సిక్కిం కొండలలో 4,000 మీటర్లకు పైన ‘చుకా’ అను మరియొక మొక్క గలదు. మన చుక్కకూర కుటుంబమునదే! తక్కిన మొక్కలు నేలనంటియుండు చోట ఇది మనిషి ఎత్తు పెరుగును. ఏండ్ల తరబడి వేరులో ఆహారము కూడబెట్టి, ఒక్క వేసవిలో స్తంభమువలె లేచి, పూచి, విత్తనములు రాల్చి మరణించును. మీగడరంగు ఆకులు పెంకులవలె కప్పుకొని లోపలి పూలను వెచ్చగా ఉంచును. ఆ నీడకు చిన్న ఈగలు చేరి పుప్పొడి మోయును, అక్కడనే గ్రుడ్లు పెట్టును. వాని పిల్లలు కొన్ని గింజలను తినగా, మిగిలినవి మొక్కకు దక్కును. అతిథికి భాగమిడి, శేషముతో వంశము నిలుపుకొను గృహస్థధర్మము ఇందు కానవచ్చుచున్నది.

జీవితమున ఒక్కమారు పూచు దానిని విత్తు రాలకముందే కోసినచో, అది ఎన్నో ఏండ్ల తపస్సును త్రుంచుటయే. బ్రహ్మకమలము సైతము పూజకని, మందుకని విచ్చలవిడిగా కోయుటచే తరిగిపోవుచున్నది. నందాష్టమికి ముందు దానిని కోయరాదను కట్టుబాటు అక్కడి కొండపల్లెలలో గలదు. కోయుటకు నియమమున్నపుడే పూజకు అర్థము.

“స్వామికి శ్రేష్ఠమైనది ఈయవలదా?” అని మీరడుగవచ్చును. గీతాచార్యుడు ఆకు, పువ్వు, పండు, నీరు అన్నాడే గాని, దుర్లభమైనది తెమ్మనలేదు. అడిగినది భక్తిని మాత్రమే.

తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి గౌరమ్మను కొలుచు నేల మనది. హిమాలయ యాత్రకు వెళ్ళినవారు ఆ పువ్వును చూచి, నమస్కరించి, అక్కడనే విడిచి రండు. స్వామికి మన పెరటి తులసీదళము చాలును.

స్వస్తి.