సొరను ఎందుకు వేటాడతాం?

సొర అనగానే మన తీరంలో సొరపుట్టు అనే వంటకం గుర్తొస్తుంది. బాలింతకు పాలసొర వండిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కానీ వేట తిండితో ఆగలేదు. మాంసం కంటే రెక్కలకే ధర ఎక్కువ. అవి సూప్ కోసం హాంకాంగ్ మార్కెట్లకు వెళ్లేవి. రెక్కలు కోసుకుని, కొనప్రాణంతో ఉన్న చేపను మళ్లీ సముద్రంలోకి తోసేసేవారు. మన దేశం ఆ పద్ధతిని 2013లో నిషేధించింది, 2015లో రెక్కల ఎగుమతినీ ఆపింది.

గుజరాత్‌లోని సౌరాష్ట్ర తీరంలో కథ వేరు. అక్కడ వేటాడింది ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అయిన వేల్ షార్క్‌ను. దాని కాలేయం నూనెను చెక్క పడవలకు నీరు దిగకుండా పూసేవారు. పాపం, అది మనుషుల జోలికే రాదు; నీటిలోని చిన్నచిన్న జీవులను వడకట్టుకు తింటుంది. 2001లో చట్టరక్షణ వచ్చింది. అయితే జాలర్ల మనసు మార్చింది మాత్రం 2004లో మొదలైన ప్రచారమే అంటాను. రామకథ చెప్పే మొరారీ బాపు ఆ చేపను పుట్టింటికి పురుటికొచ్చిన ఆడపిల్లతో పోల్చారు. దాంతో జాలర్లు వలలు కోసి మరీ దాన్ని వదిలేయడం మొదలుపెట్టారు. కోసిన వలకు అటవీశాఖ పరిహారమూ ఇస్తుంది. మంచిమాట ఒక్కటే కడుపు నింపదు కదా!

ఇంత రక్షణ ఎందుకంటే, చాలా జాతుల సొరలు ఆలస్యంగా ఎదుగుతాయి, కొద్ది పిల్లల్నే పెడతాయి. అందుకే తరిగినంత వేగంగా పెరగవు. అవి లేకపోతే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలోని షార్క్ బే చూడండి. పులిసొరల భయంతోనే అక్కడి తాబేళ్లు, సముద్రపు ఆవులు నీటి అడుగున పెరిగే గడ్డిని ఒక్కచోటే మేయకుండా కదులుతుంటాయి. ఆ భయం పోతే గడ్డి తరిగిపోతుంది; చేపపిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే.