చిన్న బడి, మన జీతం: కరోనా రెండేళ్ల లెక్క

(ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం. డ్యూటీలో ఉండి వినడానికి వీలు కానివాళ్ల కోసం రాసి పెడుతున్నాం.)

నేను నిజ్వా నుంచి మాట్లాడుతున్నా. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, ఇక్కడ బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా ఉన్నా. మాది జగిత్యాల జిల్లా. శుక్రవారం కాబట్టి రూములో వంట నడుస్తోంది, కుక్కర్ విజిల్ వినపడితే ఏమనుకోకండి.

ఈరోజు మాట్లాడేది మన ఊరి చిన్న ప్రైవేటు బడి గురించి. కార్పొరేట్ స్కూల్ కాదు. రేకుల షెడ్డో, కిరాయి బిల్డింగో ఉండి, భార్యాభర్తలు ఇద్దరే నడుపుకునే బడి. మన పిల్లల్లో సగం మంది చదివింది అక్కడే. కరోనాలో ఆ బడికి ఏమైంది, మన పిల్లల చదువుకు ఏమైంది, అందులో మన జీతం పాత్ర ఏంది, ఇదీ విషయం. "అయిపోయిన కరోనా ముచ్చట ఇప్పుడెందుకన్నా" అంటారేమో. అయిపోలేదు, ఎందుకో చివర్లో చెప్తా.

ముందు తారీఖులు గుర్తు చేసుకుందాం. 2020 మార్చి మధ్యలో ఒకే వారంలో ఇక్కడ బడులు మూశారు, అక్కడ బడులు మూశారు. ఒమన్‌లో మార్చి 15 నుంచి. తెలంగాణలో కూడా సరిగ్గా అప్పుడే. మార్చి 29 నుంచి ఇక్కడ విమానాలు బంద్, మళ్లీ మామూలు విమానాలు మొదలైంది అక్టోబర్ 1న. జూలై 25 నుంచి ఆగస్టు 8 దాకా ఒక గవర్నరేట్ నుంచి ఇంకో గవర్నరేట్‌కు పోనివ్వలేదు, రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా బయటికి రానివ్వలేదు. బక్రీద్ ఆ మధ్యలోనే వచ్చింది. శుక్రవారం పొద్దున మేకలతో, మనుషులతో కిక్కిరిసే నిజ్వా సూక్ ఖాళీగా ఉండటం నేను అప్పుడే చూశా.

మనలో చాలామందికి ఆ నెలల్లో జీతం కోత పడింది. కొందరికి సగం, కొందరికి తిండి పైసలు మాత్రమే. "పని లేదు, జీతం లేదు" అన్న మాట ఎంతమంది విన్నారో లెక్కలేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తా.

భార్యాపిల్లల్ని ఇక్కడికి తెచ్చుకోవాలంటే అప్పట్లో కనీసం 300 రియాల్స్ జీతం చూపించాలి. మనలో ఎంతమందికి వచ్చేది అంత? అందుకే నిజ్వాలో ఇండియన్ స్కూల్ ఉన్నా, మన పిల్లలు ఊళ్లోనే. మా పాప అప్పుడు ఐదో తరగతిలోకి, బాబు ఒకటో తరగతిలోకి వచ్చారు. ఇద్దరూ ఊరి బడిలోనే.

ఆ బడి లెక్క ఇట్లా ఉండేది. పిల్లలు 180 మంది. ట్యూషన్ ఫీజు ఏడాదికి 9,000, అంటే అప్పటి రేటున 47 రియాల్స్. అందరూ పూర్తిగా కడితే 16 లక్షల 20 వేలు. టీచర్లు తొమ్మిది మంది, ఒక్కొక్కరికి నెలకు 6,500. అది 34 రియాల్స్. మన సైట్‌లో హెల్పర్‌కు వచ్చేదాంట్లో సగం కూడా కాదు, వాళ్లేమో బీఈడీ చేసినవాళ్లు. అవే జీతాలు ఏడాదికి 7 లక్షలు దాటుతాయి. పైన కిరాయి, రెండు వ్యాన్ల కిస్తీలు, డ్రైవర్లు, ఆయమ్మలు, కరెంటు. మిగిలేది ఎంతో మీరే చూసుకోండి. 180 మందిలో 120 మంది కట్టకపోతే వచ్చేది 5 లక్షల 40 వేలు. జీతాలకే చాలదు. 2020లో అదే జరిగింది. ఆ ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో. మన దగ్గర జీతం ఆగింది, అక్కడ ఫీజు ఆగింది, టీచరమ్మ ఇంట్లో పొయ్యి ఆగింది. ఒకే తాడు అది.

తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 21న జీవో 46 ఇచ్చింది. ప్రైవేటు బడులు ఆ ఏడాది ఫీజు పెంచొద్దు, నెలనెలా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలి అని. మనకు మంచి జీవోనే. కానీ చాలామంది దాన్ని "ఫీజే కట్టొద్దు" అన్నట్టు అర్థం చేసుకున్నారు.

టీచర్లు ఏం చేశారో మా ఇంటావిడ ఫోన్‌లో చెప్పేది. తెలుగు చెప్పే మేడమ్ బీడీలు చుట్టింది. మా దిక్కు ఆడవాళ్లకు ఆ పని చిన్నప్పటి నుంచే వస్తుంది. సైన్స్ చెప్పే తమ్ముడు ఉపాధి హామీ పనికి పోయి మట్టి మోశాడు. హెడ్మాస్టర్ సారు స్కూల్ వ్యాన్‌లో సీట్లు పీకేసి ఊరూరా కూరగాయలు అమ్మాడు. ఆ వ్యాన్ మీద బడి పేరు అట్లనే ఉంది. టమాటాలు కొననీకి వచ్చిన తల్లులు ఫీజు బాకీ ఉన్నవాళ్లే. ఆయన అడగలేదు, వాళ్లు ఎత్తలేదు.

ఇంత కష్టంలో కూడా బడి పూర్తిగా ఆగలేదు. జూలై నుంచి ఫోన్ల మీద పాఠాలు మొదలుపెట్టారు. ఫ్రీ జూమ్ 40 నిమిషాలకు కట్ అయితది కదా, మళ్లీ లింక్ పంపేవాళ్లు. సిగ్నల్ లేని ఇళ్లకు మేడమ్ వాట్సాప్‌లో గొంతు రికార్డ్ చేసి పంపేది. మా ఇంట్లో ఫోన్ ఒక్కటే. పాప క్లాస్‌లో ఉంటే బాబుకు లేదు, బాబుకు ఇస్తే పాపకు లేదు. నేను ఇక్కడి నుంచి ఐమోలో కాల్ చేస్తే ఇద్దరి క్లాసూ పోతుంది. అందుకని రాత్రి 8 దాటాకే ఫోన్ చేసేవాణ్ని. సర్కారు బడి పిల్లలకు సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు వచ్చాయి. అవి మూడో తరగతి నుంచి పై పిల్లలకే. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు టీవీలో పాఠమే లేదు.

2021 ఫిబ్రవరిలో 6 నుంచి 10 తరగతులకు బడులు తెరిచారు, మార్చి చివర్లో మళ్లీ మూశారు. ఐదో తరగతి లోపు పిల్లలు బడి గడప తొక్కింది 2021 సెప్టెంబర్ 1న. లెక్క వేసుకోండి, పదిహేడు నెలలు దాటింది. మా బాబు ఒకటో తరగతి గదిలో కూర్చోకుండానే రెండో తరగతికి వచ్చాడు.

ఆ మధ్యలో, 2021 ఏప్రిల్ నుంచి, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మేడమ్ ఆ బియ్యం తీసుకుంది. మంచిదే. కానీ బడి మూసి ఏడాది దాటాక వచ్చింది అది.

ఇప్పుడు అసలు గొడవ. 2021 జూన్‌లో హెడ్మాస్టర్ సారు గ్రూపులో మెసేజ్ పెట్టాడు, పాత బాకీ ఎంతో కొంత కట్టండి, టీచర్లకు ఇవ్వాలి అని. మా ఊరివాళ్లం ఇక్కడా దుబాయ్‌లో కలిపి ఏడుగురం ఉన్నాం, అందరి పిల్లలూ ఆ బడిలోనే. ఒకాయన గట్టిగా అన్నాడు: "బడి తెరవనే లేదు, సదువు చెప్పనే లేదు. ఫీజు ఎందుకు కట్టాలె? సర్కారు బడిల ఏస్తా, పైస ఖర్చు లేదు."

ఆయన మాటలో న్యాయం లేదా? ఉంది. నాలుగు నెలలు జీతం లేని మనిషి ఆయన. సర్కారు బడిలో వేయడం నామోషీ కూడా కాదు. ఆ ఏడాది దేశమంతా అదే జరిగింది. అసర్ సర్వే ప్రకారం పల్లెల్లో ప్రైవేటు బడుల్లో ఉన్న పిల్లలు 2020లో నూటికి 28.8 మంది, 2021లో 24.4 మంది. ఒక్క ఏడాదిలో అంత తగ్గింది.

నేను ఆయనతో ఒకటే అన్నా. "అన్నా, మనకు కంపెనీవాళ్లు పని లేదు, జీతం లేదు అన్నప్పుడు మనం ఏమన్నాం? పని ఆపింది మేం కాదు, క్యాంప్‌లో ఉన్నాం, పిలిస్తే వస్తాం, తిండికైనా ఇవ్వాలె కదా అన్నాం. మేడమ్ కూడా అదే అంటుంది. ఆమె అయితే పని ఆపను కూడా లేదు. బీడీలు చుట్టుకుంటనే మన పిల్లలకు అక్షరాలు పంపింది."

చాలాసేపు ఎవరూ ఏం టైప్ చేయలేదు. తర్వాత కూర్చుని లెక్క తేల్చాం. వ్యాన్ ఫీజు లేదు, ఎందుకంటే వ్యాన్ నడవలేదు. బుక్కులు, డ్రెస్సులు లేవు. జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలు ఫోన్‌లో చెప్పారు, నెలకు 750 చొప్పున 6,750. చదువు సగమే అందింది కాబట్టి సగం, 3,375. ఏడుగురికి కలిపి పదకొండు మంది పిల్లలు, మొత్తం 37,125 రూపాయలు, మూడు నెలల్లో కట్టేటట్టు. మేం పెట్టిన షరతు రెండే. పైసలు ముందు టీచర్ల బకాయిలకు పోవాలి, ఎవరికెంత ఇచ్చారో కాగితం గ్రూపులో పెట్టాలి. ఇంకోటి, ఎవరైనా పిల్లగాణ్ని సర్కారు బడికి మార్చుకుంటామంటే బాకీ పేరు చెప్పి టీసీ ఆపొద్దు. సారు రెండింటికీ ఒప్పుకున్నాడు, కాగితం పెట్టాడు. గట్టిగా మాట్లాడిన అన్న పిల్లగాణ్ని సర్కారు బడికి మార్చిండు, కానీ ఆయన వంతు ఆయన కట్టిండు.

దీంతో బడి బాగుపడిపోయిందని చెప్పను. ఏడో తరగతి దాకా ఉన్న బడి ఐదు దాకా అయింది. ఒక వ్యాన్ అమ్మేశారు. తొమ్మిది మంది టీచర్లలో నలుగురు తిరిగి రాలేదు.

ఆ నలుగురిలో లెక్కల సారు ఒకరు. 2021 చివర్లో ఒకరోజు రాత్రి నాకు ఫోన్ చేశారు. మా పాపకు భిన్నాలు నేర్పిన మనిషి. నేను "చెప్పండి సార్" అన్నా. ఆయన "అన్నా, మీ దగ్గర ఏదన్న వీసా ఉంటదా? ఏ పనైనా సరే" అన్నారు. నన్ను అన్నా అని పిలిచారు. నాకు కాసేపు మాట రాలేదు.

ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పా. విజిట్ వీసా మీద పని ఇప్పిస్తాననే ఏజెంట్‌ను నమ్మొద్దు. ఈ-మైగ్రేట్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్ అయితేనే మాట్లాడండి. కాగితం మీద జీతం, పని, డ్యూటీ గంటలు చూడకుండా పాస్‌పోర్ట్ ఇవ్వొద్దు అని. ఇప్పుడు ఆయన సొహార్‌లో స్టోర్ కీపర్. జీతం బడిలో వచ్చినదానికి మూడింతలు. ఆయనకు మంచిదే, నేను కాదనను. కానీ ఊళ్లో లెక్కలు చెప్పే మనిషి ఒకరు తగ్గారు. మన ఊరి నుంచి గల్ఫ్‌కు రానిది బడి పంతులు ఒక్కరే అనుకునేవాళ్లం. కరోనా ఆయన్ని కూడా పంపించింది.

ఇక మొదట్లో చెప్పిన మాట, ఇది ఎందుకు అయిపోలేదో. మన పనిలోంచే చెప్తా. స్లాబ్ పోసినాక నీళ్లు కొట్టి క్యూరింగ్ చేస్తాం. ఈ ఎండలో మొదటి వారం నీళ్లు తప్పిపోతే స్లాబ్ పైకి బాగానే కనపడుతుంది, బలం మాత్రం రాదు. పైన ఇంకో ఫ్లోర్ లేపితే అప్పుడు పగుళ్లు బయటపడతాయి. ఒకటి, రెండు తరగతులు పిల్లలకు ఆ మొదటి వారం లాంటివి. అసర్ 2022 సర్వే చూడండి. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 2018లో నూటికి 27.3 మంది, 2022లో 20.5. మన తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడింది. ఆంధ్రలో 22.6 నుంచి 10.3కు. 2022లో మూడో తరగతి అంటే ఎవరు? 2020లో ఒకటో తరగతిలో ఉన్నవాళ్లే. మా బాబు ఈడు పిల్లలు. ఆ పిల్లలు ఇప్పుడు పై క్లాసుల్లో ఉన్నారు, సైన్స్, సోషల్ పుస్తకాలు వచ్చాయి. చదవడమే సరిగా రాకపోతే అవి ఎట్లా ఎక్కుతాయి? మార్కులు తగ్గితే "ఫోన్ చూస్తున్నావు" అని తిడుతున్నాం. పగులు కింద ఫ్లోర్‌లో ఉంది.

దూరంలో ఉన్న మనం చేయగలిగింది ఏంటి? నేను చేస్తున్నది చెప్తా, మీకు కుదిరినట్టు చేసుకోండి. ఫోన్ చేసినప్పుడు "మంచిగ సదువుతున్నావా" అని అడగడం మానేశా. దానికి జవాబు ఎప్పుడూ "ఆఁ" అనే వస్తుంది. "ఒక పేజీ చదివి వినిపించు బిడ్డా" అంటా. రోజూ పది నిమిషాలు. మొదట్లో బాబు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేవాడు, ఎక్కడ ఆగుతున్నాడో నాకు వినపడేది. ఒత్తుల దగ్గర ఆగేవాడు. అది మేడమ్‌కు చెప్తే ఆమె ఆ ఒత్తులే రాయించింది. ఏడు నెలలు పట్టింది, ఇప్పుడు ఆగకుండా చదువుతాడు. మీకు చదవడం రాకపోయినా పర్వాలేదు, వినడం వస్తుంది కదా. పిల్లగాడు ఆగుతున్నాడా, సాగుతున్నాడా అన్నది చెవికి తెలిసిపోతుంది.

ఇంకోటి. ఆ రోజుల బాకీ ఏదైనా మిగిలి ఉంటే బడివాళ్లతో కూర్చుని తేల్చుకోండి. నడవని వ్యాన్‌కు కట్టక్కర్లేదు. చెప్పిన పాఠానికి మాత్రం ఇవ్వండి. రసీదు అడగండి. మనకు సెటిల్‌మెంట్‌లో ఒక్క రియాల్ తగ్గినా ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరుగుతాం? వాళ్లకు తిరగడానికి ఆఫీసు కూడా లేదు.

మీ పిల్లలు ఆ రెండేళ్లలో ఏ క్లాస్‌లో ఉన్నారు, ఇప్పుడు ఎట్లా చదువుతున్నారు, వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే వారం కొన్ని వినిపిస్తాం. టీచర్‌గా చేసి ఇక్కడికి వచ్చినవాళ్లు ఉంటే వాళ్లు తప్పకుండా మాట్లాడాలి, మీ మాట వినాలని ఉంది. ఎండలు ముదురుతున్నాయి, సైట్ మీద నీళ్లు తాగుతుండండి. ఉంటా మరి.