వ్యసనరోగము - దాని చికిత్స - మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యానిధిని గుఱించియు, వసతిగృహములను గుఱించియు, వివాహవ్యయములను గుఱించియు పెద్దలు ప్రసంగించి యున్నారు. అట్టి శుభవిషయముల నడుమ మత్తుపదార్థములను గుఱించి మాటలాడుమని మమ్ము కోరినప్పుడు కొంత సంకోచించితిమి. కాని వేపపువ్వు లేని యుగాదిపచ్చడి లేదు గదా! చేదైనను చెప్పక తప్పదని తలచి మీ యెదుట నిలిచితిమి. లోపములున్న మన్నింప వేడెదము.

నేడు మనము సమావేశమైన ఫిలింనగరును, ప్రక్కనున్న జూబిలీహిల్సును ఒకప్పుడు రాళ్ళగుట్టలు. 1970 తరువాతి దశకమున అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పునాటికి ఈ వైపున ఇండ్లు అరుదు. మదరాసునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగ ఇచ్చటికి తరలివచ్చినది. నేడు గుట్టమీద భవనములును, గుట్టక్రింద బస్తీలును, కృష్ణానగరు సందులలో అవకాశముకొఱకు వేచియుండు యువకుల గదులును కలవు. మన కులబాంధవులు ఈ మూడు తావులయందును ఉన్నారు. మత్తు వీనిలో ఏ తావును విడువలేదు.

1953లో వెలువడిన దేవదాసు చిత్రమును చూచి కన్నీరు పెట్టని తెలుగువాడు అరుదు. అందు పార్వతి పాత్రను ధరించిన మహానటి సావిత్రిగారు, తరువాతి కాలమున మద్యమువలన ఎన్ని బాధలు పడిరో 2018లో వచ్చిన మహానటి చిత్రమును చూచినవారెల్ల నెఱుగుదురు. ఆమె ఏడాదిన్నరకు పైగ స్పృహలేని స్థితిలో నుండి, 1981 డిసెంబరు 26వ తేదీన కన్నుమూసిరి. తెఱమీది త్రాగుబోతును చూచి మనము జాలిపడితిమి. మన యింటిలోని వానిని మాత్రము దాచితిమి. మా ప్రసంగమున సారాంశ మింతయే.

2017 జూలైలో మాదకద్రవ్యముల కేసునకు సంబంధించి ఆబ్కారీ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందము చలనచిత్ర రంగమునకు చెందిన పలువురిని పిలిచి ప్రశ్నించినది. 2021లో ఎన్‌ఫోర్సుమెంటు డైరెక్టరేటువారును విచారించిరి. ప్రశ్నించినంత మాత్రమున నేరము రుజువైనట్లు కాదు. కావున పేర్లతో మనకు పనిలేదు. మేము గమనించినది వేఱొకటి. ఆ దినములలో "ఎవరు పట్టుబడిరి?" అని యడిగినవారు వేలకొలది. "ఈ యలవాటునకు చిక్కినవానికి వైద్య మెక్కడ దొరకును?" అని యడిగినవారిని మేము వ్రేళ్ళమీద లెక్కింపగలము. 2024లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు, టిక్కెట్టు ధరల పెంపు కోరువారు తమ నటులచే మత్తుపదార్థములకు విరుద్ధముగ ప్రచారచిత్రములు చేయింపవలెనని చెప్పిరి. అది మేలైన సంగతియే. అయితే హెచ్చరిక ఇంకను మొదలిడనివానికి పనికివచ్చును. మొదలిడి మానలేకున్నవానికి వలసినది చికిత్స.

వ్యసనము రోగమా, దుర్గుణమా యని పెద్దలు ప్రశ్నింతురు. మొదటి గ్రుక్క మనిషి యిష్టమే కావచ్చును. కాని మద్యముగాని, గంజాయిగాని, కొకెయినుగాని, హెరాయినుగాని మఱల మఱల తీసికొనుటచేత, సంతోషమును, కోరికను, నిగ్రహమును నడపు మెదడు భాగములే మాఱిపోవునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అంతట ఆ పదార్థము సుఖముకొఱకు గాక, అది లేని బాధను తప్పించుకొనుటకు కావలసివచ్చును. తలిదండ్రులనుండి సంక్రమించిన స్వభావమును, చిన్ననాటి దుఃఖమును, స్నేహితుల సాంగత్యమును, రాత్రింబవళ్ళు తేడాలేని పనియు దీనికి తోడగును. పరిమితి దాటుట, మానదలచి మానలేకపోవుట, పనియు సంసారమును చెడుచున్నను విడువలేకపోవుట, లేనిదే శరీరము వణకుట - ఇవి రోగలక్షణములు. వీనిని చూచి మందలింపులతో, ఒట్లతో కాలము గడుపుట, మధుమేహము కలవానిని తిట్టి చక్కెర తగ్గింపజూచుట వంటిది.

2019లో ప్రకటింపబడిన భారత ప్రభుత్వ సర్వే ననుసరించి, దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారు. వారిలో 5 కోట్ల 70 లక్షలమందికి దానివలని యిబ్బందులకు సహాయ మవసరము. మద్యమునకు పూర్తిగ లోబడినవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పిరి. తక్కిన 37 మంది ఎక్కడ నున్నారు? మన యిండ్లలో, మూసిన తలుపుల వెనుక నున్నారు.

ఆ తలుపుల వెనుక జరుగుదానిని మా యనుభవమునుండియే యొకటి విన్నవించెదము. పేరును ఊరును చెప్పము. అది మేము పెద్దలమై కుదిర్చిన సంబంధము. వరుడు కృష్ణానగరున గది తీసికొని చిత్రములలో లైటుపని చేయువాడు, పనివాడు, మంచిమనసువాడు. అతడు త్రాగునని మేమెఱుగుదుము. పెండ్లియైన దారికి వచ్చునని యనుకొంటిమి. వధువు తండ్రి యడిగినప్పుడు "అబ్బాయికి చెడ్డ యలవాట్లేమియు లేవు" అని చెప్పిన నోరు మాదే.

నాలుగేండ్లు గడచినవి. త్రాగుడు హెచ్చినది; పని పోయినది. బయట తెలిసిన పరువు పోవునని తండ్రి అతనిని గదిలో నుంచి తలుపు వేసి, డాక్టరును పిలువక, మాన్పింపదలచెను. మొదటినాడు చేతులు వణకినవి. రెండవరాత్రి గోడలమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసెను. మూడవనాటి తెల్లవాఱుజామున మూర్ఛలు వచ్చినవి. ఆసుపత్రికి చేరులోపలనే ప్రాణము పోయినది. బంధువులకు గుండెపోటని కబురు పంపిరి. ఆ కబురు పంపినవారిలో మేమును ఉంటిమి. ఆ యమ్మాయి బిడ్డతో పుట్టింట నున్నది. ఒకనాడు మమ్ము చూచి, "బాబాయిగారూ, ఆనాడే మీరు నిజము చెప్పియుండిన, ముందు వైద్యము చేయించి తరువాతనే ముహూర్తము పెట్టుకొనియుందుము గదా" అన్నది. ఆ మాటకు మేము నేటికిని జవాబు చెప్పలేకున్నాము.

సోదరులారా! బహుకాలము అధికముగ త్రాగినవాడు హఠాత్తుగ మానినచో మూర్ఛలును, మతిభ్రమయు కలుగవచ్చును. సాధారణముగ రెండవ, మూడవ దినములలో అపాయము హెచ్చు. నిదురమాత్రల కలవాటుపడినవారికిని ఇట్లే. 2015లో నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో కల్తీకల్లు అకస్మాత్తుగ దొరకకపోగా, అందు కలుపు అల్ప్రజోలం వంటి మందుల కలవాటుపడిన పేదలు అనేకులు వణకుతో, మూర్ఛలతో, పొంతనలేని మాటలతో ఆసుపత్రులకు చేరిరి. 2025 జూలైలో మన కూకటిపల్లివైపున అట్టి కల్తీకల్లు త్రాగినవారిలో కొందరు మరణించిరి. ఇది బస్తీవారి సంగతియని భవనములవారు తలపరాదు. సీసా వేఱైనను శరీర మొక్కటియే.

ఇక చికిత్స యెట్టిదో చెప్పెదము. మొదటిమెట్టు శరీరమునుండి మత్తును సురక్షితముగ తొలగించుట. వైద్యుడు వణకును, మూర్ఛలను ఆపు మందులను ఎక్కువతో మొదలిడి క్రమముగ తగ్గించి యాపును. మెదడు చెడకుండ బి1 విటమిను నిచ్చును. దీనికి సాధారణముగ కొన్ని దినములు చాలును. మనవారనేకులు ఇంతటితో వైద్యము ముగిసినదని యింటికి తీసికొనిపోదురు. అది పొరపాటు. దుక్కి దున్నినంతనే పంట చేతికి రాదు.

రెండవమెట్టు కోరికను అదుపుచేయుట. మద్యమునకు నాల్ట్రెక్సోను, అకాంప్రోసేటు వంటి మందులు కలవు. హెరాయిను మొదలగు నల్లమందు జాతి పదార్థములకు బ్యుప్రెనార్ఫిను, మెథడోను కలవు. వీనిని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు వాడవలసి యుండును. అది ఒక మత్తు బదులు మఱియొక మత్తు కాదు. కుంటివానికి చేతికఱ్ఱ వంటిది. గంజాయికిని కొకెయినునకును ఇట్టి నిర్ణీతమైన మందు ఇంకను లేదు. అందు సలహావైద్యమే ప్రధానము. డైసల్ఫిరాం అను మందు కలదు. దానిని తీసికొనినవాడు మద్యము ముట్టినచో ముఖము కందును, వాంతులు పుట్టును, రక్తపుపోటు పడిపోవును. కొందఱు తల్లులు, ఇల్లాండ్రు దీనిని తెలియకుండ కూరలలో కలిపి పెట్టుట కలదు. అమ్మలారా! మీ బాధ మేమెఱుగుదుము. కాని యా పని ప్రాణాంతకము కావచ్చును. రోగికి తెలిపి, అతని సమ్మతితో, వైద్యుని పర్యవేక్షణలోనే దానిని వాడవలెను.

మూడవమెట్టు మనస్సును, బ్రతుకును చక్కదిద్దుట. ఏ వేళ, ఏ స్నేహితునితో, ఏ దుఃఖమున కోరిక పుట్టుచున్నదో రోగియే గుర్తించి తప్పించుకొనునట్లు సలహాదారు నేర్పును. నిద్రలేమియో, దిగులో మూలమున నున్న దానికిని చికిత్స జరుగును. 1935లో అమెరికాలోని ఏక్రను పట్టణమున ఒక షేరువ్యాపారియు, ఒక శస్త్రవైద్యుడును - ఇరువురును త్రాగుడుచే చెడినవారే - కలిసి స్థాపించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘమువారి సమావేశములు మన నగరమునను జరుగుచున్నవి. అందు పేరు అడుగరు, రుసుము అడుగరు.

మానినవాడు మఱల జాఱుట కలదు. ఉబ్బసము, రక్తపుపోటు వంటి దీర్ఘరోగములు మఱల తిరుగబెట్టినట్లే ఇదియు తిరుగబెట్టును. అప్పుడు "వీడింతే" యని వదలివేయక, చికిత్స మార్చవలెనని గ్రహింపవలెను.

చట్టమునకు భయపడి వైద్యమునకు పోనివారును కలరు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఏ విభాగము ననుసరించి, స్వల్పపరిమాణము లేక స్వయముగ సేవించిన నేరము మోపబడిన వ్యసనరోగి, తనంతట తాను ప్రభుత్వముచే నడుపబడు లేక గుర్తింపబడిన సంస్థలో చికిత్స పొందగోరినచో, అతనికి విచారణనుండి రక్షణ కలదు. చికిత్స పూర్తిచేయనిచో ఆ రక్షణ తొలగును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యములవలని మానసికస్థితులను గూడ వ్యాధులలో చేర్చినది. రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. కావున కొట్టి మాన్పింతుమని చెప్పు కేంద్రములకు మీ బిడ్డల నప్పగింపకుడు. రిజిస్ట్రీ కలదా, మనోవైద్యుడు కలడా యని యడుగుడు. ఈ ఫిలింనగరునకు చేరువనే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్యాలయము కలదు. విశాఖపట్టణమునను ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 14446 అను సంఖ్యకు టెలిఫోను చేసిన వ్యసనవిముక్తిని గుఱించియు, 14416 అను సంఖ్యకు చేసిన మానసిక బాధలను గుఱించియు ఉచితముగ సలహా లభించును.

తుదకు మహాసభవారిని మూడు కోరుచున్నాము. మొదటిది: సంబంధములు కుదుర్చు పెద్దలు వ్యసనమును దాచరాదు, వివాహమును ఔషధముగ వాడరాదు. ఒక యింటి యాడుబిడ్డ మఱియొక యింటి రోగమునకు మాత్ర కాదు. రెండవది: మన వసతిగృహమున ఏ విద్యార్థియైనను మత్తునకు చిక్కినట్లు తెలిసినచో, పేరు కొట్టివేసి వీధిలోనికి పంపక, ముందు వైద్యునికడకు పంపవలెను. మూడవది: విద్యానిధివలెనే వైద్యనిధిలో ఒక భాగమును ఇందులకై కేటాయించి, అడిగినవాని పేరు కార్యదర్శి యొక్కనికి దక్క అన్యులకు తెలియకుండ సహాయము చేయవలెను. ధనవంతులైన పోషకులు ఈ తీర్మానములకు చేయూత నొసంగుదురని నమ్ముచున్నాము.

ఇంకొక మనవి కలదు. దానికి తీర్మానము అక్కఱలేదు. మానుకొని తిరిగివచ్చినవాడు పెండ్లిపందిటిలో మన ప్రక్కన కూర్చుండినప్పుడు, అతని గతము నెత్తక, విస్తరి వేసి, అన్నము వడ్డింపుడు. గ్లాసు మాత్రము అందింపకుడు.

మేము కప్పిపుచ్చిన నిజము ఒక యిల్లు కూల్చినది. ఈ సభయందు దానిని బయటపెట్టితిమి. ఇక మీ యింటి తలుపు తీయుట మీ వంతు.