చెల్పూరు రోడ్డు దాటించడం



ప్రత్యేక విద్యలో పట్టా అందుకున్న మీలో కొందరు రేపు ఏ మండలంలోనో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో చేరతారు. అది చెల్పూరు లాంటి ఊరి దగ్గరే కావచ్చు. అక్కడ కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలోని 500, 600 మెగావాట్ల యూనిట్లకు బొగ్గు మోసే లారీలు, చెరువులు, గట్టు లేని వ్యవసాయ బావులు, పొలాల్లో మోటర్ల స్టార్టర్ డబ్బాలు. వీటన్నిటికీ కలిపి పెద్దలు చెప్పేది ఒకటే మాట: "పైలం బిడ్డా!" చాలామంది పిల్లలు ఆ గొంతులోని కంగారు పట్టుకుని మిగతాది ఊహించుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లలకు, ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లకు ఆ ఊహ అందకపోవచ్చు. కాబట్టి వాళ్లకు జాగ్రత్తను భయపెట్టి కాదు, ఏ చోటిది ఆ చోటే చేయించి నేర్పాలంటాను.

2012లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, ఆటిజం ఉన్న పిల్లల్లో 49 శాతం మంది నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవడానికి ప్రయత్నించారు. తల్లిదండ్రులు చెప్పిన కారణాల్లో ముందున్నవి పరుగు మీద సరదా, ఇష్టమైన చోటికి చేరాలన్న ఆరాటం. 2017 నాటి మరో అధ్యయనంలో ఈ పిల్లలు నీళ్లలో మునిగి చనిపోయే అవకాశం మిగతా పిల్లలకంటే 160 రెట్లు ఎక్కువని తేలింది. అమెరికా లెక్కలు మనకెందుకంటారా? అక్కడి ఈతకొలనుకు చాలాచోట్ల కంచె అయినా ఉంటుంది, మన బావులకు అదీ ఉండదు.

"ఒకసారి చెయ్యి కాలితే వాడికే తెలుస్తది" అనేవాళ్లు ప్రతి వాడలోనూ ఉంటారు. ఈ పిల్లల్లో కొందరికి నొప్పి, వేడి అంతగా తెలియవు. తెలిసినా, ఇంటి పొయ్యి దగ్గర నేర్చింది అమ్మమ్మగారింటి పొయ్యి దగ్గర గుర్తుకు రాకపోవచ్చు. అందుకే రోడ్డు దాటడం తరగతి గదిలో బొమ్మ చూపించి ముగించే పాఠం కాదు. బిడ్డ రోజూ దాటే చోటికే వెళ్లి, ఆగాల్సిన చోట సున్నంతో గీత గీయండి. "ఉరకకు" అనకండి, "ఆగు" అనండి. ఏం చేయాలో చెప్పే మాట అది. గీత దగ్గర ఆగడం, చెయ్యి పట్టుకోవడం, లారీ పోయేదాకా నిలబడటం, అప్పుడు దాటడం. అమ్మా, నానమ్మా, బడిలో ఆయమ్మా అదే మాట, అదే వరుసలో చెప్పాలి. కుదిరాక మరో రోడ్డు మీద మళ్లీ మొదలుపెట్టాలి. విసుగు పుట్టించే పనే, దీనికి అడ్డదారి లేదు.

నిర్ధారణ కాకుండానే ముద్ర వేస్తున్నామేమో అన్న సందేహం మంచిదే. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన, ఆటిజాన్ని అంచనా వేసే ఇసా (ISAA) కొలమానంతో పరీక్ష జరగాలి, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రమూ రావాలి. గీత దగ్గర ఆగడం నేర్పడానికి మాత్రం ఏ పత్రమూ అక్కర్లేదు. రేపు ఆటిజం కాదని తేలినా, నేర్చింది వృథా పోదు.

ఇక ఇంటి తలుపుకు గడియ పెట్టేస్తే సరిపోదా అంటారు కొందరు. పెట్టాలి, పైన, చెయ్యి అందనంత ఎత్తులో. కానీ పిల్లవాడి ఎత్తు ఏటా పెరుగుతుంది. గడియ కొంత గడువిస్తుంది. ఆ గడువులోనే ఇరుగుపొరుగుకూ, కిరాణా కొట్టు వాళ్లకూ, లారీలు ఆగే హోటల్ వాళ్లకూ బిడ్డ పేరు, ముఖం తెలిసేలా చూడండి. ఎప్పుడైనా కనబడకపోతే, బస్టాండుకు పోకముందే బావి దగ్గరికీ చెరువు దగ్గరికీ మనిషిని పంపమని వాళ్లకు ఈ రోజే చెప్పి ఉంచండి.